పావురం దగ్గర పిల్లను కూర్చోనియ్యాల్నా?

తమ్ముడు: అక్కా, సూటిగ అడుగుత. తొమ్మిదేండ్ల పిల్ల పొద్దంత జబ్బు పావురం పక్కన కూర్చుంటే దాన్ని ప్రేమ అనుకుంటున్నవా? నాకైతే పెద్దోళ్లు చెయ్యాల్సిన పనిని పిల్ల నెత్తి మీద పెట్టినట్టు అనిపిస్తున్నది.

అక్క: నేను పెట్టలే, తనే పోయి కూర్చున్నది. లేపాల్నా వద్దా అన్నదే పంచాది. ముర్గీ చౌక్‌ల కొన్న దినం ఎవ్వరం వద్దనలే. మహబూబ్ చౌక్ గడియారం కింద నిలబడి బేరం చేసింది నువ్వే. మంచిగ ఎగిరినన్ని దినాలు అది పిల్లది, మెడ తిరిగిన దినం నుంచి ఎవరిదీ కాదా? జబ్బు పడ్డది గనుక ఇగ దాని మొఖం చూడొద్దంటే పిల్లకు ఏం సమజ్ అయితది? బాగున్నన్ని దినాలే మనల్ని ఎవరైనా చూస్తరని.

తమ్ముడు: కొన్నది నేనే, కాదనను. అందుకే తీసేద్దామన్న మాట కూడా నా నోటి నుంచే రావాలె. రాత్రంత దవాఖాన ల్యాబ్‌ల శాంపిళ్లు చూసేటోన్ని, నా భయం ఉత్తది కాదు. పావురం రెట్ట ఎండి పొడి అయితే ఆ దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతది. ఏండ్ల తరబడి పీల్చినోళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడి నాలుగు మెట్లు ఎక్కంగనే ఆయాసం వస్తది. పావురాలు పెంచేటోళ్ల జబ్బని దానికి పేరే ఉన్నది. రెట్టల పెరిగే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఒంట్ల శక్తి లేనోళ్లకు మెదడు దాకా ఎక్కుతది. సిట్టకోసిస్ అని ఇంకోటి, చిలుకల నుంచి, పావురాల నుంచి మనిషికి అంటి న్యుమోనియా తెస్తది. 2025ల ముంబైల పావురాలకు గింజలేసే దాదర్ కబూతర్‌ఖానాకు టార్పాలిన్లు కప్పి మూసింది ఊకెనేనా? మనదేమో రెండర్రల ఇల్లు, అమ్మకు ఉబ్బసం.

అక్క: అమ్మ సంగతి ఒప్పుకుంట. డాబా మెట్ల తలుపు మూసే ఉండాలె. గంప కింద కాయితం తడిపి తియ్యాలె గాని పొడిగ ఊడ్వొద్దు. ఆ పని నేను చేస్త, పిల్లతోని చేయియ్య. కాని నువ్వు మొదలు చెప్పిన జబ్బు ఎక్కువగ పావురాల నడుమ ఏండ్లకేండ్లు బతికినోళ్లది. మనది ఒక్కటే పావురం. దానికొచ్చిందేందో కూడా చూడు. మెడ మెలిపడుడు, ఆకాశం దిక్కు చూస్త గిరగిర తిరుగుడు, నీళ్లోలె పచ్చటి రెట్ట. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులుకు ఇది దాయాది వైరస్. మన గల్లీల కబూతర్‌బాజీ చేసేటోళ్లు లక్వా కొట్టిందంటరు. మనిషికి అంటితే చానా మటుకు కండ్లు ఎర్రబడి కొన్ని దినాలకు తగ్గుతది. వైరస్‌కు మందు లేదు, నిజమే. అయితే ఇసొంటి పావురాలల్ల చానా మటుకు చచ్చేది ఆకలితోని. గింజ ముందట్నే ఉంటది, ముక్కు పోయి పక్కన నేలను పొడుస్తది. నోట్లె పెట్టేటోళ్లుంటే ఆరు వారాలకో పన్నెండు వారాలకో మల్ల లేసి నిలబడ్డయి ఎన్నో ఉన్నయ్. అంటే పిల్ల చేస్తున్నది ఉత్త లాలన కాదు తమ్మీ, దానికున్న వైద్యమే అది.

తమ్ముడు: లక్వా అని ఎవరు తేల్చిన్రు? నువ్వు ఫోన్‌ల చూసి తేల్చినవ్. సాల్మొనెల్లా పట్టినా పావురం మెడ తిరుగుతది. అది మనిషికి అంటుతది, పిల్లకు వాంతులు, విరేచనాలు మొదలైతయ్. రెండిట్ల ఏదన్నది కండ్లతోని చూసి నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. 2025 మార్చిల పల్నాడు జిల్లా నరసరావుపేట పాప, రెండేండ్లది, మంగళగిరి ఎయిమ్స్‌ల చనిపోయింది. పుణె వైరాలజీ సంస్థ బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 అని తేల్చిన దాకా ఆ తల్లిదండ్రులకు పేరు కూడా తెల్వది.

అక్క: ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లె పెట్టుకున్నదని ఇంటోళ్లు చెప్పినట్టు పేపర్లు రాసినయ్. పెంపుడు పక్షి నుంచి వచ్చిందని కాదు. పావురాలకు ఆ ఫ్లూ కోళ్లకు పట్టినంత సులువుగ పట్టది కూడా. కాని సాల్మొనెల్లా మాట నాకు తట్టలే. రెట్ట పరీక్ష చేయిస్త. అదే అయితే యాంటీబయాటిక్ ఉన్నది గదా, మంచిదే.

తమ్ముడు: పరీక్ష అన్నవ్ గనుక అడుగుత, పిల్ల దానికి నీళ్లు ఎట్ల తాపుతుందో చూసినవా? చెంచాతోని ముక్కుల పోస్తున్నది. పక్షికి గాలిగొట్టం నోరు నాలుక మొదట్లనే తెరుచుకొని ఉంటది. ఆ నీళ్లు అందుల పడితే వైరస్ చంపకముందే మన ప్రేమ చంపుతది. పిల్లికి జ్వరమొచ్చిందని ఇంట్ల ఉన్న పారాసిటమాల్ వేసి చంపుకున్నోళ్లు లేరా? పిల్లికి అది విషం. నేననేది ఇదే. ప్రేమకు చెయ్యి తిరగకుంటే అది జబ్బు కన్న అన్యాయం. పైగ అది పిల్ల ప్రేమ గనుక ఎవరికీ గద్దించబుద్ధి కాదు.

అక్క: చెయ్యి తిరగాలంటే చేతికి పని ఇయ్యాలె గద. నీళ్ల గిన్నె ముందట పెట్టి ముక్కు ముంచనిస్తే అదే తాగుతది, ఆ మాట ఒక్కసారి చెప్తే పిల్లకు వస్తది. నువ్వు చూసినవ్, చెప్పలే. తర్వాత నా మీద కేసు పెట్టనీకె దాచిపెట్టుకున్నవ్.

తమ్ముడు: సరే, చెప్పాల్సి ఉండె. అయినా నువ్వు టీచరువు, నీకు కథలెక్కువ. సిద్ధార్థుడు హంసను ఒళ్లె పెట్టుకున్న పాఠం చెప్పీ చెప్పీ ప్రతి పిల్లను గౌతముణ్ని చేద్దామనుకుంటవ్. ఆ హంసకు తగిలింది బాణం. బాణం దెబ్బ పక్కోళ్లకు అంటదు.

(ఈ ఒక్క మాట దగ్గర రాసేటోన్ని నేను కూడా తమ్ముని దిక్కే. దయ గురించి మనం చెప్పుకునే కథలల్ల జీవికి గాయమో ఆపదో ఉంటది, రోగం ఉండది. శిబి చక్రవర్తి దగ్గరికి వచ్చిన పావురం కూడా డేగకు భయపడి వచ్చిందే గాని జ్వరంతోని రాలే.)

అక్క: కథలే వద్దంటే పక్కింటి ఖాలా చెప్పింది కూడా వద్దా? మదీనాల అబూ ఉమైర్ అని చిన్న పిల్లగాడు, ప్రవక్త సహచరుడైన అనస్‌కు తమ్ముడు. వాడు సాదుకున్న చిన్న పిట్ట చచ్చిపోయింది. దిగులుగ కూర్చుంటే ప్రవక్త వాణ్ని పలకరించి ఆ పిట్ట సంగతి అడిగిన్రట. అంత పెద్దమనిషికి అంత చిన్న దుఃఖం అడగతగ్గదే అనిపించింది. బుఖారీ, ముస్లిం రెండు హదీసు గ్రంథాలల్ల ఉన్నదని ఖాలా చెప్పింది. మన పిల్ల ఏడుస్తుంటే గోడ మీదికెళ్లి చూసి నాకు చెప్పిన మాట ఇది.

తమ్ముడు: ఆ కథ నా దిక్కే ఉన్నదక్కా. పిట్ట చచ్చినంక పిల్లగాన్ని ఓదార్చిన్రు. జబ్బుతోని ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టిన్రని ఏడ లేదు. ఓదార్చుడు వద్దని నేననలే. ఎంతసేపైనా ఓదారుస్త.

అక్క: ఓదారుస్తవా, అబద్ధం చెప్తవా? నిన్న నువ్వు నా చెవిల వేసిన ఉపాయం ఏంది? మక్కా మసీదు కాడ వేల పావురాలు ఉన్నయ్, గింజలేసేటోళ్లు ఉన్నరు, ఒక పొద్దు పోయి అక్కడ ఇడిచి వచ్చి, ఎగిరిపోయిందని చెప్దామన్నవ్. అంటురోగం, అంటురోగం అనేటోనివి, దాన్ని తీస్కపోయి వేల పావురాల నడుమ పడేస్తవా? రెట్ట నుంచి, నీళ్ల నుంచి మందకు మంద అంటుకుంటది. సాదుకున్న జీవాన్ని తిండికి నీళ్లకు లేక బాధపడేటట్టు వదిలేసుడు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై అని రాసి ఉన్నది, నవ్వొస్తది గాని నేరం నేరమే.

తమ్ముడు: ఇడిచిపెట్టే ముచ్చట తప్పు, వాపస్ తీసుకుంట. కాని ఎగిరిపోయిందన్న మాటల ఏం తప్పున్నది? పిల్లకు రాత్రి నిద్ర పడ్తది.

అక్క: మెడ తిరిగిన పావురం ఎగురుతదారా? నీళ్ల గిన్నె కాడికే నడవలేనిది గోడ దాటి పోయిందంటే నమ్మనీకె అది పాలు తాగే పిల్ల కాదు. 1948ల మరియా నాగీ అనే ఆమె బుడాపెస్ట్ పిల్లలను అడిగి అచ్చేసింది. అయిదేండ్లు నిండని పిల్లలకు సావంటే ఎటో పోవుడు, మల్ల రావుడు. తొమ్మిదేండ్లు దాటినంక అది అందరికి వచ్చేదని, మల్ల రానిదని తెలుస్తది. తర్వాత చూసినోళ్లు చానామంది పిల్లలకు ఏడేండ్లకే తెలుస్తదన్నరు. అంటే నువ్వు అబద్ధం చెప్పేది సావు తెల్వని పిల్లకు కాదు, తెలిసిన పిల్లకు. ఆమెకు తెలిసేది ఒక్కటే, ఈ ఇంట్ల సావు ముచ్చట మామయ్యను అడగొద్దని.

తమ్ముడు: అంత కఠినంగ అనకు.

అక్క: నాయిన ఆఖరు దినాలల్ల మనల్ని నల్గొండల మేనత్త ఇంటికి పంపిన్రు. పరీక్షలున్నా పంపిన్రు. నాయినకు జర నలతగ ఉన్నదన్నరు. వచ్చేసరికి గోడకు ఫొటో ఉండె. ఆ మాట ఇప్పటికీ నువ్వే ఎత్తుతవ్, నేను ఎత్త.

తమ్ముడు: ఎత్తుత. కోపం పోలే, పోదు కూడా. అది వేరే ముచ్చట అని కూడా అనను. కాని నాయిన దగ్గర ఉండాలనుకున్నది మనం, నాయినకు కూడా అది కావాలని నాకు తెలుసు. పావురానికి పిల్ల కావాల్నా? గిరగిర తిరిగి తిరిగి పడిపోతున్నది. పిల్ల ఎత్తుకున్న ప్రతిసారి దాని గుండె ఎట్ల కొట్టుకుంటుందో చెయ్యి పెట్టి చూడు. దానికి పిల్ల చెయ్యి కూడా డేగ గోరే. చీకటి డబ్బాల మెదలకుండ ఉంచితే దానికి నయం. మనకు పిల్ల ప్రేమ కనపడ్తది, పక్షి భయం కనపడది.

అక్క: ఇది మాత్రం ఒప్పుకోక తప్పదు. పొద్దంత ఒళ్లె పెట్టుకునుడు బందు చేయిస్త. గింజ పెట్టేటప్పుడే ముట్టుకోవాలె, తర్వాత డబ్బా మీద గుడ్డ కప్పాలె.

తమ్ముడు: ఇంకోటి కూడా చెప్త, కోపం చేసుకోకు. పిల్ల పావురాన్ని ఒళ్లె పెట్టుకున్న ఫొటో నువ్వు స్టేటస్ పెట్టినవ్. 2019ల మిజోరంల ఆరేండ్ల పిల్లగాడు తన సైకిల్ కింద పడ్డ కోడిపిల్లను ఒక చేతిల, పది రూపాయలు ఇంకో చేతిల పట్టుకొని దవాఖానకు ఉరికిండు. ఆ ఫొటో లోకమంత తిరిగింది, వానికి అవార్డులు ఇచ్చిన్రు. కోడిపిల్ల మాత్రం అప్పటికే చచ్చింది. పిల్లల దయ చూసి కండ్లు తుడుచుకునుడు మనకు సులువు. దవాఖాన నడుపుడు కష్టం. పిల్ల మంచితనాన్ని చూసి మురిసి మనం మంచోళ్లమనుకుంటం.

అక్క: స్టేటస్ తీసేస్త. మిగిలింది మాత్రం నువ్వు ఉల్టా చదివినవ్. ఆ పిల్లగాడు కోడిపిల్లను దాచిపెట్టలే, భయపడి పారిపోలే. తప్పు నా వల్ల అయ్యిందని చేతిల పట్టుకొని పెద్దోళ్ల దగ్గరికి వచ్చిండు. నాకు కావాల్సింది అదే. పిల్లలు మన దగ్గరికి రావాలె.

తమ్ముడు: ఇప్పుడు పావురం. రేపు గల్లీల కుక్కపిల్ల చొంగ కార్చుకుంట వస్తది, అప్పుడు కూడా ఈ చెయ్యే చాపుతది. లోకంల ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తోని పోతరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అందుల నూటికి 40 మంది 15 ఏండ్లు దాటని పిల్లలు. ఎందుకంటే పిల్లలకు కుక్కంటే దోస్తు. లక్షణాలు మొదలైనంక నల్లకుంట ఫీవర్ దవాఖానకు తీస్కపోయినా డాక్టర్ల చేతుల ఏమీ ఉండది. నీ దయ పాఠం ఆ దినం మన పిల్లను ఎటు తోస్తది?

అక్క: నా భయం కూడా రేబిసే, అందుకే నీ తీరు తప్పంటున్న. 2023ల ఘజియాబాద్‌ల పద్నాలుగేండ్ల పిల్లగాన్ని కుక్క కరిచింది. ఇంట్ల తిడ్తరని నెల దాకా చెప్పలే. చెప్పినప్పటికి నీళ్లు చూస్తే భయపడ్తుండె, అంబులెన్సులనే పోయిండు. వాణ్ని చంపింది కుక్క ఒక్కటేనా? జబ్బు జంతువును ముట్టుకుంటే ఇంట్ల తంతరు అని నేర్పితే పిల్లలు ముట్టుకునుడు మానరు, చెప్పుడు మానుతరు. గీత పడంగనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు నల్లా కింద కడగాలె, అదే దినం సూది మందు తీసుకోవాలె. ఈ రెండు మాటలు పిల్లకు తెలువాలంటే, నాకు కుక్క గీరిందమ్మా అని చెప్పే ధైర్యం ముందుగాల ఉండాలె. ఆ ధైర్యం ఇయ్యాల పావురం దగ్గర మొదలైతది.

తమ్ముడు: …ఈ లెక్క నేను వెయ్యలే. ల్యాబ్‌ల మా దగ్గరికి రక్తం వస్తది, ఎందుకు లేటయ్యిందో రాదు. సరే, చెప్పే పిల్లను పెంచుదాం. కాని చెప్పుడు వేరు, సేవ చేసుడు వేరు. పావురం ముచ్చట నాకు చెప్పమను. నేను మాస్కు పెట్టుకొని చేస్త. పిల్ల దూరం నుంచి చూడొచ్చు.

అక్క: దూరం నుంచి చూసేది జాలి. దాన్ని నేను చిన్నగ చెయ్య, కాని చేతికి పనిలేని జాలి తొందరగ అలసిపోతది. రెండు దినాలు చూస్తది, మూడో దినం ఫోన్ పట్టుకుంటది.

తమ్ముడు: మూడో దినం ఫోన్ పట్టుకుంటే నాకు సంతోషమే. తొమ్మిదేండ్లకు ఒక ప్రాణం బాధ్యత మొయ్యొద్దు. రేపు పావురం చచ్చిందనుకో, నేను గింజ సరిగ పెట్టలేనేమో అని పిల్ల తనను తను తిట్టుకుంటది. అది జన్మంత ఉంటది. నీ లెక్కల ఆ ఖర్చు రాసినవా?

అక్క: రాయలే. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ వల్ల కాదమ్మా అని వందసార్లు చెప్పుడు తప్ప.

తమ్ముడు: చచ్చుడు కాదు, చావలేక ఉంటే? 1928ల సబర్మతి ఆశ్రమంల ఒక లేగదూడ నొప్పితోని కొట్టుకుంటుంటే గాంధీ తన ఎదుటనే డాక్టరుతోని విషం సూది ఇప్పించిండు. అహింస అనేటోడు ఆవుదూడను చంపించిండని దేశమంత ఉత్తరాలు వచ్చినయ్, ఆయన వెనక్కి తగ్గలే. రేపు నారాయణగూడ పశువుల దవాఖానల డాక్టరు, ఇది లేవదమ్మా, నిద్రపుచ్చుదాం అంటే? ప్రేమించేటోళ్లకే అప్పుడు చెయ్యి ఆడది. పిల్ల వద్దంటది, నువ్వు పిల్ల మొఖం చూసి వద్దంటవ్, మధ్యల పక్షి కొట్టుకుంటది.

అక్క: డాక్టరు అంటే నేను వద్దనను. ఆ నిర్ణయం పిల్లది కాదు, నాది. పిల్లకు నిజం చెప్త. అక్కడ ఉంటనంటే ఉండనిస్త.

తమ్ముడు: ఉండనియ్యొద్దు. ఇక్కడ మాత్రం నేను దిగి రాను.

అక్క: నేనూ రాను. మన ఇంట్ల ఆషాఢంల లాల్‌దర్వాజ బోనాలకు కోడిని కోస్తం, అప్పుడు పిల్ల ఏడ ఉంటది? ఆకిట్లనే ఉంటది. ఎవ్వరం కండ్లు మూయలే. కోడి సావు చూడొచ్చు గాని పావురం సావు చూడొద్దా?

తమ్ముడు: కోడికి పేరు పెట్టలే. పావురానికి పెట్టింది. అదే తేడా, అది చిన్న తేడా కాదు. పైగ నువ్వు ఆ మాట పిల్ల ముందట అనకు. అన్నవంటే వచ్చే బోనాలకు కోడి కూర ఎవ్వరం తినం.

అక్క: నేననేది ఏముంది, అది అడిగేసింది. మొన్న ఆదివారం కంచంల ముక్క పక్కకు పెట్టి, దీనికి కూడా మెడ తిరిగిందా అన్నది. అమ్మ గద్దించింది. నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంటే చెప్పు.

తమ్ముడు: లేదు. అందుకే పిల్లను ఆ గంప దగ్గరికి పోనీయొద్దన్న. ఒక ప్రశ్న దగ్గర ఆగది అది.

అక్క: ఆగాల్నా?

తమ్ముడు: ఆ సంగతి ఇడిచిపెట్టు, లెక్క చెప్పు. బడులు జూన్ 12న తెరుస్తరు. పన్నెండు వారాలు పట్టినా పట్టొచ్చంటివి. పిల్ల బడికి పోతది, నువ్వు నీ బడికి పోతవ్. అమ్మను ఆ డాబా మెట్లు ఎక్కనియ్యొద్దని ఇద్దరం అనుకుంటిమి. మరి పగటిపూట దాని నోట్లె గింజ ఎవరు పెట్టాలె?

అక్క: నీది రాత్రి డ్యూటీ గదరా, పగలు ఇంట్ల ఉండేది నువ్వొక్కనివే. మాస్కు నీ దగ్గర ఎట్లనో ఉన్నది. బఠాణీలు రాత్రే నానబెట్టి పోత. ఒక్కొక్కటి నాలుక వెనకకు పెట్టాలె, పొద్దుగాల ఒకసారి, మూడింటికి ఒకసారి. నీళ్లు మాత్రం నోట్లె పొయ్యకు.